రత్నం మందు

చచ్చిన బ్యాటరీ బతికిన రోజున నూకరత్నం ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీటరు పాడైందేమోనని ఇంకో మీటరు తెచ్చి పెట్టింది. అదీ అదే మాట చెప్పింది. తీగలు విప్పి మళ్ళీ బిగించి, ఆటో హెడ్‌లైటు ఒకటి తగిలించి చూసింది. కిటికీలోంచి పట్టపగటి ఎండ పడుతున్నా ఆ దీపం కళ్ళు చెదిరేలా వెలిగింది. అప్పుడు కుర్చీలో కూలబడింది. సంతోషం కన్నా ముందు భయం వేసింది. చెబితే నమ్మరని కాదు. రేపు పొద్దున వచ్చేసరికి దీపం ఆరిపోయి ఉంటుందేమోనని.

మర్నాడు కూడా దీపం వెలుగుతూనే ఉంది.

రత్నం పుట్టింది పాలిరేవులో. కాకినాడకు ఉత్తరాన, ఒక ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఉన్న జాలరిపేట అది. తండ్రి పడవలో వైర్‌లెస్ సెట్టుండేది. తుపాను వస్తోంది, వెనక్కి రమ్మని ఒడ్డు నుంచి గొంతు చించుకుని చెప్పిన రోజున ఆ సెట్టుకు కరెంటిచ్చే బ్యాటరీలో ప్రాణం లేదు. అప్పటికి రత్నం కాలేజీలో చదువుతోంది. తమ్ముడు మసేనయ్య ఇంకా బడికి వెళ్తున్నాడు. ఆ పడవ చెక్క ముక్క కూడా ఒడ్డుకు రాలేదు. తరవాత ఆమె రసాయన శాస్త్రం చదివినా, డాక్టరేటు చేసినా, కాకినాడ ఊరి చివర చిన్న పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి చేరినా, అన్నిటి అడుగునా ఒకటే పట్టుదల. బ్యాటరీ ఎందుకు చస్తుంది? చావకుండా ఏం చెయ్యాలి?

ఎందుకు చస్తుందో పుస్తకాలన్నీ చెబుతాయి. లోపలి సీసపు పలకల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. మొదట్లో అది మెత్తగా ఉండి, చార్జింగ్ పెట్టగానే కరిగిపోతుంది. రాను రాను రాయిలా గట్టిపడుతుంది. ఇక ఎంత కరెంటు పంపినా పలకకు అందదు. ఆ పెచ్చు కరిగించడానికి ఎందరో ఎన్నో ఉప్పులు, మందులు వాడి చూశారు. రత్నానికి దారి దొరికింది పుస్తకంలో కాదు, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే ఒక యార్డు వెనక. గడ్డిపోచ కూడా మొలవని ఆ నేలలో, యాసిడ్ నిలిచిన గుంటలో, ఎర్రటి జిగురేదో తేలుతూ కనబడింది. యాసిడ్‌లో ఏదో బతుకుతోంది! తెచ్చి చూస్తే, కంటికి కనబడని ఆ జీవి తెల్ల పెచ్చునే తిని బతుకుతోందని తేలింది. తిన్నాక సీసాన్ని మళ్ళీ పలకకు అప్పగిస్తోంది. గాజు జాడీలో పెంచి ఒక్క చెంచాడు పాత బ్యాటరీలో పోస్తే చాలు. పెచ్చు కట్టబోయిన ప్రతిసారీ తినేస్తుంది. లోపల అది ఉన్నంతకాలం బ్యాటరీకి చావు లేదు.

పరిశోధన కేంద్రం పెద్ద ప్రొఫెసర్ పరాంకుశం తొందరపడే మనిషి కాదు. బావి నీళ్ళలో, పొలం మట్టిలో, సముద్రపు నీళ్ళలో దాన్ని వదిలి చూడమన్నాడు. పులుపు లేని చోట అది చూస్తుండగానే చచ్చింది. ఉప్పునీళ్ళలో ఇంకా తొందరగా చచ్చింది.

"బ్యాటరీ గడప దాటితే బతకదు. ఇంత బుద్ధిమంతురాలైన జీవి ఎక్కడ దొరుకుతుందమ్మా?" అని నవ్వాడాయన.

మొదటి బ్యాటరీ మసేనయ్య పడవలోకే వెళ్ళింది. అతడికప్పుడే లోవతో పెళ్ళయింది. అక్క ఇచ్చిన బ్యాటరీని చేత్తో తట్టి, "ఇది మన నాన్న కాలం నాటిదిలాగుంది కదే అక్కా. దీన్నేటి సేసుకోను?" అన్నాడు.

"పెట్టుకో ముందు. తరవాత మాట్లాడు."

ఆ కార్తీకంలో చెప్పాపెట్టకుండా వాయుగుండం లేచింది. తెల్లవారుతుండగా మసేనయ్య సెట్టులో కబురు వినిపించింది. పక్కన ఉన్న పడవల్లో సెట్లు మూగగా ఉన్నాయి. అతడు దీపం ఊపి, కేకలు పెట్టి, కనబడిన వాళ్ళందరినీ వెంటేసుకుని ఒడ్డుకు చేరాడు. వాళ్ళు ఇసుకలోకి పడవలు లాగుతుండగానే సముద్రం వెనకనుంచి విరుచుకుపడింది. ఆ రోజు పాలిరేవులో ఏ ఇంట్లోనూ ఏడుపు వినబడలేదు.

ఆ మర్నాడే ఆ ద్రావకానికి పేరు పడిపోయింది. రత్నం మందు. కేంద్రం వాళ్ళు ఏదో శాస్త్రీయమైన పేరు పెట్టారు గాని దాన్ని పలికిన వాళ్ళు లేరు. తీరం పొడవునా పడవల్లోకి, తరవాత ఆటోల్లోకి, ఇళ్ళలోని ఇన్వర్టర్లలోకి, కొండ మీది గూడేల్లో టీకాలు దాచే చల్లటి పెట్టెల్లోకి రత్నం మందు వెళ్ళింది. పాలిరేవు వెళ్తే ముసలమ్మలు ఆమె బుగ్గలు పుణికి మెటికలు విరిచేవాళ్ళు.

రత్నానికి మాత్రం కుదురు చిక్కలేదు. జాడీల ముందు నిలబడి ఎర్రటి జిగురు పెరగడం చూస్తూ ఉండేది. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేది. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళి ఏదో పరీక్ష మళ్ళీ మొదలుపెట్టేది. "ఏం వెతుకుతున్నావు?" అని పరాంకుశం అడిగితే చెప్పలేకపోయేది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. తనకు తోచని పరీక్ష ఏదో మిగిలిపోయిందన్న దిగులు మాత్రం పోలేదు.

ఒక మధ్యాహ్నం మసేనయ్య వల భుజాన వేసుకుని ప్రయోగశాలకు వచ్చాడు. చేపల వాసనకు గుమ్మం దగ్గరి మనిషి ముక్కు మూసుకున్నాడు.

"అక్కా, ఇదేటో సూడు. వల మునగట్లేదు. పైకి తేలిపోతంది. కిందనించి సేపలన్నీ ఎల్లిపోతన్నాయి."

వల అంచున వరసగా కట్టిన సీసపు గుండ్లను అరచేతిలో పెట్టి చూపించాడు. బరువు కోసం కట్టే గుండ్లవి. పుచ్చిన పళ్ళలా గుంటలు పడి, ఒక్కోటి సగానికి సగం అరిగిపోయి ఉన్నాయి. మిగిలిన సగం మీద తెల్లటి పెచ్చు.

"నీ ఒక్కడి వలకేనా?"

"అందరియీ ఇంతే. ఉప్పు ఎక్కువయిందంటన్నారు మావోళ్ళు."

రత్నం ఒక గుండు మీద పెచ్చును గోటితో గీకింది. పెచ్చు కింద ఎర్రటి తడి కనబడింది. నాలుక మీద పెట్టుకోకుండానే దాని పులుపు తెలిసినట్టయింది. లిట్మస్ కాగితం ముక్క ఆనించింది. కాగితం భగ్గుమన్నట్టు ఎర్రబడింది.

మైక్రోస్కోపులో చూడనక్కర్లేదు. అయినా చూసింది. ఉప్పునీళ్ళలో చచ్చిపోయే జీవి, గుండు దొరకగానే దాని మీద పెచ్చు కప్పుకుంది. ఆ పెచ్చు కట్టడానికి కావలసిన సరుకు సముద్రపు నీళ్ళలో కావలసినంత ఉంది. పెచ్చు చాటున తన యాసిడ్ గుంటను తానే తయారు చేసుకుంది. ఆ యాసిడ్‌లో గుండు సీసం కొత్త పెచ్చుగా మారుతుంటే దాన్ని తింటోంది. బ్యాటరీలో దానికి కరెంటు తోడుండేది, తిన్న సీసం పలకకు చేరేది. ఇక్కడ ఆ తోడు లేదు. తిన్నదంతా నీళ్ళలోకి పోతోంది. ఆమె చేసిన పరీక్షల్లో సముద్రపు నీళ్ళున్నాయి, జీవి ఉంది. సీసపు గుండు లేదు.

"బ్యాటరీల్లోని పాత యాసిడ్ ఎక్కడ పారబోస్తార్రా మీరు?"

"ఎక్కడేటి, ఏట్లోనే. మన తాతల కాడ్నించీ అంతే గదా."

ఏటి అడుగున తాతల కాలం నుంచి తెగి పడిన గుండ్లు బురదలో ఎన్ని ఉంటాయో తలుచుకుని ఆమె గబగబా చేతులు కడుక్కుంది. తమ్ముడి బండి మీదే పాలిరేవు బయల్దేరింది. దారి పొడవునా అతడు ఏదో అడుగుతూనే ఉన్నాడు. గాలి హోరులో వినబడనట్టు ఊరుకుంది.

వాళ్ళు వెళ్ళేసరికి లోవ వాకిట్లో అన్నం తింటోంది. నెలలు నిండుతున్న మనిషి, గోడకు ఆనుకుని, కంచం ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. కంచంలో ఎర్రటి పులుసు, పీత డెక్కలు.

"రా ఒదినా, సరైన టయానికొచ్చావు. ఏటి పీతలు. ఇంత తిని ఎల్లు."

రత్నం ఒక్క అంగలో వెళ్ళి కంచం లాగేసింది. పులుసు లోవ చీర మీద ఒలికింది.

"ఇదేటే అక్కా!" అని అరిచాడు మసేనయ్య.

"ఎన్నాళ్ళ నుంచి తింటున్నావు లోవా?"

లోవ బిత్తరపోయి చూసింది. "ఎన్నాళ్ళేటి ఒదినా? కడుపుతో ఉన్నప్పుడు పీతలు తింటే బలమన్నారు. నీ తమ్ముడు రోజూ పట్టుకొత్తాడు."

రత్నం కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పారేద్దామంటే ఎక్కడ పారెయ్యాలో తెలియలేదు. కుక్కలకు పెట్టకూడదు, ఏట్లో వెయ్యకూడదు. చివరికి కంచంతో సహా సంచిలో కట్టి పరీక్ష కోసం తీసుకుపోయింది. పోయేముందు లోవ చేతి నుంచి రక్తం తీయించింది.

పీతల్లో సీసం ఉంది. రొయ్యల్లో ఉంది. లోవ రక్తంలో ఉంది. ఇకనుంచి ఏటి తిండి ముట్టొద్దని, మందులు వాడుతూ కనిపెట్టుకుని ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. లోపల బిడ్డ సంగతేమిటని అడిగితే, "పుట్టాక చూడాలి" అంది. "పుట్టాక కూడా వెంటనే తెలియకపోవచ్చు. సీసం మెదడు మీద పనిచేస్తుంది. నడక, మాట, చదువు... ఏళ్ళు పట్టొచ్చు తెలియడానికి."

పరాంకుశం కాగితాలన్నీ చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక ఊరు, ఒక ఏరు. ఇంకో రెండు చోట్ల చూసి అప్పుడు చెబుదాం రత్నం. ఇప్పుడు గగ్గోలు పెడితే కొండ మీద టీకాల పెట్టెలు ఆపేస్తారు. అక్కడున్నవాళ్ళు పిల్లలు కారా?"

"పిల్లలే సార్. ఆ గూడేల వాగులు కూడా చివరికి వచ్చేది మా సముద్రంలోకే."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయట లారీలోకి మందు డబ్బాలు ఎక్కిస్తున్నారు. ఎత్తేవాళ్ళ కేకలు గదిలోకి వినిపిస్తున్నాయి.

"లారీ ఆపమంటాను," అన్నాడు చివరికి. "పోయిన సరుకు వెనక్కి రప్పించమని పైవాళ్ళకు రాస్తాను. కానీ కొత్త బ్యాటరీలు చేరేదాకా టీకాల పెట్టెలు మాత్రం ముట్టుకోవద్దు. ఆ ఒక్క పాపం నా నెత్తిన ఉండనీ."

రత్నం తలూపింది. ఆయన అడిగినది తప్పో ఒప్పో తేల్చుకునే ఓపిక ఆమెకు లేదు. ఆమె మనసంతా పాలిరేవులో ఉంది.

చేపలు వేలం వేసే షెడ్డులో పేటంతా చేరింది. కులపెద్ద ఎల్లాజీ సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. రత్నం చెప్పింది. బ్యాటరీలో పోసిన జీవి ఏట్లోకి ఎలా వచ్చిందో, గుండ్లను ఎలా తింటోందో, సీసం నీళ్ళలోంచి పీతల్లోకి, పీతల్లోంచి మనుషుల్లోకి ఎలా వస్తోందో చెప్పింది. ఆ మందు తయారు చేసింది తనేనని, ఈ పరీక్ష చెయ్యకుండా ఇచ్చింది తనేనని కూడా చెప్పింది. ఏటి చేప తినొద్దంది. వలల గుండ్లన్నీ కోసేసి అప్పగించమంది. మందు పోసిన బ్యాటరీలు పడవల్లోంచి దింపేయమంది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక షెడ్డు రేకులు ఎగిరిపోయేంత గోల లేచింది. అందరికన్నా గట్టిగా అరిచింది మసేనయ్యే.

"వల లేక, బ్యాటరీ లేక, సెట్టు లేక ఎల్లమంటావేటి సంద్రంలోకి? నాన్నలాగా ఎల్లమంటావా? ఆ మందు లేకపోతే నేనీపాటికి ఏ సేపకో మేతయిపోదును. నువ్వే ఇచ్చావు. ఇప్పుడు నువ్వే ఇసం అంటన్నావు. ఏది నమ్మమంటావు?"

రత్నం తమ్ముడి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది.

ఆడవాళ్ళ వైపు నుంచి లోవ లేచింది. నడుం మీద చెయ్యేసుకుని మెల్లగా ముందుకొచ్చింది.

"నా రగతంలో ఉందంట సీసం. డాట్రమ్మ సెప్పింది. మరి మీ మీ ఇళ్ళల్లో పీతలు ఒండుకోలేదా? ఎవరి రగతంలో లేదో సెప్పండి."

గోల ఒక్కసారిగా అణిగిపోయింది. ఒక తల్లి చంకలో బిడ్డను ఇటు తిప్పుకుని ముఖంలోకి చూసుకుంది. పక్కావిడ ఏదో అడగబోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. "దీనికి ఇరుగుడు ఏటన్నా ఉందా అమ్మా?"

ఉంది. రత్నం జాడీల్లో చూసే వచ్చింది. గుల్ల సున్నం. పేట చివర బట్టీల్లో గుల్లలు కాల్చి చేసే ఘాటైన సున్నం పెచ్చును చీల్చుకుని లోపలికి పోతుంది. పులుపు విరిగిపోతే ఆ జీవి బతకదు. కానీ ఏరు నిండా అంత సున్నం పోస్తే ఏట్లో మరేదీ కూడా బతకదు.

"మళ్ళీ సేప ఎన్నాళ్ళకొత్తాది?"

"తెలీదు బాబాయ్."

"ఇదంతా సచ్చిపోద్దని నమ్మకమేనా?"

"ఏట్లో చస్తుంది. సముద్రంలోకి ఎంత దూరం పోయిందో... అది నాకు తెలీదు."

ఎల్లాజీ ఆమెను కాసేపు చూశాడు. "తెలుసని సెప్పుంటే నమ్ముదును గాదు," అని లేచాడు. "బట్టీలు ముట్టించండర్రా."

సున్నం పోసిన రోజు గాలి లేదు. మగవాళ్ళు పడవల మీంచి గంపలు వంచుతున్నారు. ఆడవాళ్ళు మూతులకు గుడ్డలు కట్టుకుని ఒడ్డు నుంచి చల్లుతున్నారు. సముద్రం వైపు ఏటి మూతిని ఇసుక మూటలతో ముందే కట్టేశారు. ఏరు పాల కుండలా తెల్లబడి, బుసబుసమని పొంగింది. తరవాత చేపలు పైకి వచ్చాయి. ముందు చిన్నవి, ఆ వెనక పెద్ద కొయ్యింగలు, నోళ్ళు తెరుచుకుని. పీతలు ఒడ్డెక్కి పరుగెత్తబోయి ఇసుకలోనే ఆగిపోయాయి. గంప వంచుతున్న ఒకావిడ పైకే ఏడ్చింది. తన చేతులతో తానే తిండిలో మన్ను పోసుకోవడం ఆ పేటలో ఎవరూ ఎన్నడూ ఎరగరు.

మసేనయ్య అప్పటిదాకా రాలేదు. అందరూ గంపలు దించేసే వేళకు వచ్చాడు. ఒక చేతిలో గుండ్లు కోసేసిన వల, ఇంకో చేత బ్యాటరీ. బ్యాటరీని అక్క ముందు ఇసుకలో పెట్టాడు. ఆమె ముఖం చూడలేదు. వెళ్ళి సున్నం గంప ఎత్తుకుని నడుం లోతు దాకా దిగాడు. చర్మం మండుతుంది, పైకి రారా అని రత్నం పిలిచినా పలకలేదు.

తరవాతి రోజులు కష్టంగా గడిచాయి. వలలకు కాల్చిన మట్టి గుండ్లు కట్టుకున్నారు. అవి బండకు తగిలితే పగిలిపోయేవి. కొత్త బ్యాటరీలు వచ్చేదాకా పడవలు ఒడ్డు కనబడేంత దూరమే వెళ్ళాయి. పరాంకుశం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మొదటి కొత్త బ్యాటరీలు పాలిరేవుకే ఇప్పించాడు. కొండ మీది పెట్టెలు ఒక్కటొక్కటే మారాయి. వెనక్కి రమ్మన్న డబ్బాల్లో అన్నీ రాలేదు. ఎక్కడో ఏ ఆటోలోనో, ఏ ఇంటి మూలో ఆ జీవి ఇంకా పెచ్చు తింటూ ఉండే ఉంటుంది. రత్నం తీరం వెంట తిరిగి రేవు రేవునా వలల గుండ్లు తిప్పి చూసేది. గుండు నున్నగా ఉన్నప్పుడల్లా ఊపిరి పీల్చుకుని, పక్క రేవుకు బయల్దేరేది. ఒకచోట తెల్లటి మచ్చ కనబడింది. అక్కడా సున్నం పోశారు. అక్కడివాళ్ళు ఆమెను తిట్టిన తిట్లన్నీ నిలబడి విన్నది.

లోవకు ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు రక్తంలో సీసం ఉంది. భయపడినంత లేదు, లేకుండానూ లేదు. పాప బరువు బాగుంది, ఏడుపు బాగుంది. ఎదిగేకొద్దీ చూస్తూ ఉండమంది డాక్టరమ్మ.

రత్నం ప్రతి వారం పాలిరేవు రావడం మొదలుపెట్టింది. వచ్చి, చాప మీద పాప పక్కన కూర్చునేది. కుడి చెవి దగ్గర చిటిక వేసేది. పాప అటు తిరిగేది. ఎడమ చెవి దగ్గర వేసేది. ఇటు తిరిగేది. ఎర్ర రిబ్బను ముఖం ముందు మెల్లగా జరిపి, కళ్ళు వెంట వస్తున్నాయో లేదో చూసేది. వేలు ఇచ్చి పట్టు ఎంత గట్టిగా ఉందో చూసేది. అన్నీ సరిగ్గానే ఉన్నా ఇంకోసారి మొదటి నుంచీ చేసేది.

ఒక సాయంత్రం మసేనయ్య సముద్రం నుంచి వచ్చి గుమ్మంలో ఆగాడు. షెడ్డులో గొడవ తరవాత అతడు అక్కతో సరిగా మాట్లాడింది లేదు. ఉప్పు అట్టకట్టిన చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ చాలాసేపు చూశాడు.

"ఎలాగుందే అక్కా?"

"బాగుందిరా."

"నిజంగానా?"

రత్నం పాప ముఖం మీద వాలిన ఈగను తోలింది.

"ఇవాళ్టికి బాగుంది," అంది.

మసేనయ్య లోపలికొచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. కూతురి పాదం ఒకటి తన గరుకు వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు. రత్నం చెయ్యి మళ్ళీ చిటిక వెయ్యడానికి లేచింది. పొయ్యి దగ్గర నుంచి లోవ వెనక్కి తిరిగింది.

"ఒదినా, ఇంక ఒగ్గెయ్. బిడ్డని నిద్దరోనీ."

చెయ్యి గాలిలోనే ఆగింది. పాప ఆవులించి, అత్త వేలు వదిలేసి, కళ్ళు మూసుకుంది. తమ్ముడు లేచి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. లోవ అన్నం వార్చింది. రత్నం మాత్రం పాప మళ్ళీ కళ్ళు తెరిచేదాకా అక్కడే కూర్చుంది.